ఏడో తెప్పలో ఆకలి లేదట

తొమ్మిదో రోజు

వంటపడవను మా ఏడో తెప్పకు కట్టి ఈరోజుకు తొమ్మిది రోజులు. ఈ తొమ్మిది రోజులూ వండినదంతా చేపల పాలయింది.

ఉప్పుగాలికి యంత్రాల జ్ఞాపకం చెడిపోతోందని, ప్రతి తెప్ప సేవికా జరిగినది జరిగినట్టు పెన్సిలుతో కాగితం మీద రాసి ఉంచాలని సంక్షేమ కార్యాలయం వారి ఆజ్ఞ. నా పేరు నయోమి. వయసు యాభై. పదో తరగతి వరకు చదివాను. కోపంతో ఏమీ రాయకూడదని ప్రార్థన చేసుకుని కూర్చున్నాను. ఎంతవరకు నిలబడుతుందో చూడాలి.

తెల్లవారగానే సౌరపలకల మీద ఉప్పు తుడిచాను. పోటు పెరుగుతోంది కాబట్టి దక్షిణం వైపు మూడు మోకులు రెండేసి బారలు సడలించాను. నీళ్లు తేటగా ఉన్న రోజుల్లో కింద మునిగిపోయిన పాత ఊరి సెల్ టవర్ కొన కనిపిస్తుంది. ఈరోజు కనిపించలేదు.

మొన్నటి తుఫానులో సరుకుల తెప్పకు వెళ్లే వెడల్పాటి వంతెన కొట్టుకుపోయింది. ఇప్పుడున్నది తాళ్ల వంతెన. నేనే కళ్లు మూసుకుని దాటుతాను. అరవై అయిదు దాటినవాళ్లు దాటలేరు కాబట్టి వాళ్లకు రోజూ మధ్యాహ్నం వండి పెట్టమని ఈ పడవను పంపారు. మంచి పనే. మా తెప్ప మీద అలాంటి ఇళ్లు ఇరవై మూడు. పదిహేను మంది పేర్లు ఎక్కితే పడవ ఇక్కడే ఉంటుంది. ఎక్కకపోతే ముప్పయ్యో రోజున మోకు విప్పి పన్నెండో తెప్పకు లాక్కెళ్తారు.

ఇప్పటికి ఎక్కిన పేర్లు: సున్న.

వంటవాడు సాత్విక్ మంచివాడు, కాస్త నోటిదురుసు. డేగిసా బోర్లించి కడుగుతూ, "నయోమమ్మా, నేనొండేది మనుషులక్కాదేటండి? పండుగప్పలు నా సాంబారు తిని బలిసిపోతన్నాయి" అన్నాడు.

"ఒక్క డబ్బా నాకివ్వు, నేనే పట్టుకెళ్లి ఇస్తాను" అన్నాను.

"పేరు అచ్చవ్వని డబ్బా పడవ దాటితే నా ఉద్యోగం దాటిపోద్దండి."

పేర్లు ఎందుకు ఎక్కడం లేదని కార్యాలయానికి రాసి పంపితే జవాబు వచ్చింది. అర్హులైన ఇరవై మూడు ఇళ్లవారినీ రోజూ విచారిస్తున్నారట. ఎవరూ అవసరం ఉందని చెప్పలేదట. ఏడో తెప్పలో ఆకలి లేదట.

పదమూడో రోజు

ఈరోజు సంగతి తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

సంహిత పిన్నిగారింటికి వెళ్లాను. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, ఒక్కర్తీ ఉంటుంది. పూర్వం పాత ఊళ్లో పిల్లలకు డాన్సు నేర్పేదట. ఇప్పుడు చేతిగాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

సరిగ్గా ఒంటిగంటకు గోడలోంచి గొంతు వచ్చింది. దానికి కార్యాలయం వారు పెట్టిన పేరు సంక్షేమవాణి. తెప్ప మీద అందరూ గోడకోడలు అంటారు. పద్ధతిగా మాట్లాడుతుంది, పనేమీ చెయ్యదు, అందుకని.

"నమస్కారం సంహితగారూ. భోజనం చేశారా అండీ?"

"అయిందమ్మా. నువ్వు తిన్నావా?"

"ధన్యవాదాలు. మీ రోజు శుభంగా గడవాలి."

అంతే. గోడ మూగబోయింది. నేను వంటగట్టు వైపు చూశాను. గిన్నె అడుగున పొద్దుటి గంజినీళ్లు చారెడున్నాయి.

"పిన్నిగారూ, ఎక్కడయింది?" అన్నాను.

ఆమె నన్నే తప్పు పట్టింది. "అడిగినోళ్ల మొహాన తినలేదని చెప్తారటమ్మా ఎవరన్నా? అడిగినమ్మాయి బాధపడిపోదూ? రండి, మా ఇంట్లో తిందురుగాని అనాలి. ఆ పిల్లింట్లో ఏం లేకపోతేనో?"

"అది పిల్ల కాదు పిన్నిగారూ, గోడ."

"గోడయితే మాత్రం, మర్యాద ఉండక్కర్లేదా?"

సేవిక గదికి పరుగెత్తి, కార్యాలయానికి కలపమని గోడను అడిగాను. "మీ గొంతు అందలేదు. దయచేసి గట్టిగా చెప్పండి" అంది. నాలుగుసార్లు చెప్పాను. చిన్నప్పటి నుంచి నా గొంతు ఇంతే, కీర్తన పాడినా పక్క వరుస దాకా పోదు. చివరికి సాత్విక్ వచ్చి గోడ మీద అరిచి కలిపాడు.

పర్యవేక్షకులు ప్రణీల్ గారు ఓపికగానే విన్నారు. ఆయన చెప్పింది ఇది. ఎవరైనా "తినలేదు" అని జవాబిస్తేనే గోడకోడలు వంటపడవ సంగతి చెబుతుందట. అలా చెప్పిన వాళ్ల పేరే జాబితాలోకి ఎక్కుతుందట. తిన్నవాళ్లకు చెప్పి విసిగించకూడదని అలా అమర్చారట.

"అంటే సార్, పడవ వచ్చిందన్న సంగతే మా పెద్దవాళ్లకు తెలియదన్నమాట" అన్నాను.

"అవసరమున్న ప్రతి ఒక్కరికీ తెలుస్తుందమ్మా."

"ప్రశ్న కొంచెం మార్చండి. పడవ వచ్చిందని ముందు చెప్పి, తర్వాత అడగమనండి."

"నలభై తెప్పలకూ ఒకటే ప్రశ్న. మార్చాలంటే సమితి కూర్చోవాలి."

"ఎప్పుడు కూర్చుంటుంది?"

"వానలు వెళ్లాక."

పోనీ నేనే పేర్లు రాసి పంపుతానన్నాను. సేవిక మాట చెల్లదట. ఎక్కడో ఒక సేవిక చనిపోయినవాళ్ల పేర్ల మీద డబ్బాలు తీసుకుందట. అవసరం వృద్ధుల నోటి నుంచే రావాలట.

ఈ పూట ప్రార్థన చెయ్యలేదు. ఊరికే మోకరించి లేచాను.

పదహారో రోజు

మూడు రోజులుగా గడప గడపకూ తిరిగి చెబుతున్నాను. పడవ వచ్చింది, వేడన్నం, పప్పు, కూర, మజ్జిగ. ఒంటిగంటకు గోడ అడిగినప్పుడు తినలేదని చెబితే చాలు.

హర్షిల్ బాబాయిగారు కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "మంచి సంగతి చెప్పేవమ్మా. మేం బానే ఉన్నాం. ఆ చివరింటాయనకి పెట్టించు, పాపం పళ్లు కూడా లేవు" అన్నారు.

చివరింటాయన, "నాకేటండి, రాయిలాగున్నాను. హర్షిల్ గారికివ్వండి, షుగరు మనిషి, ఖాళీ కడుపుతో మాత్రలేసుకుంటన్నాడు" అన్నారు.

సంహిత పిన్నిగారి పక్కిల్లు లాస్యమ్మగారిది. ఆవిడకు డెబ్బై ఆరు. తొమ్మిదేళ్ల కిందట సంహిత పిన్నిగారి చీరలు ఆరేసిన తాడు నీడ తన సౌరపలక మీద పడిందని మాట తెగిపోయింది. ఆనాటి నుంచి గోడకు గోడ ఆనించుకుని ఉంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. లాస్యమ్మగారు నేను చెప్పినదంతా విని ఫక్కున నవ్వింది.

"కాపరానికొచ్చిన కాణ్ణించీ మా అత్తకే ఆకలేస్తందని చెప్పలేదు. ఈ గోడకోడలికి చెప్తానా? కోడలికి ఆకలి చెప్పుకున్న అత్తని ఎక్కడన్నా చూసేవా?"

ఇరవై మూడు ఇళ్లూ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ పక్కింటికి పెట్టమన్నారు. కాళ్లు వాచాయి. పేర్లు సున్న.

పంతొమ్మిదో రోజు, ఆదివారం

ఆరాధన అయ్యాక అన్ని ఇళ్ల పెద్దలనూ ప్రార్థనశాలలోనే కూర్చోబెట్టాను. గుళ్లో దీపం పెట్టుకునేవాళ్లు కూడా మొహమాటానికి వచ్చారు. పాఠం చెప్పాను. నేను గోడను, మీరు మీరే. నేను అడుగుతాను, మీరు తినలేదని చెప్పాలి.

"హర్షిల్ గారూ, భోజనం చేశారా అండీ?"

"తినలేదండి!" అని ఆయన నాటకంలో రాజులా ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. అందరూ నవ్వారు.

"సంహితగారూ, భోజనం చేశారా అండీ?"

"తిన... లేదమ్మా" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తప్పు మాటేదో అన్నట్టు.

లాస్యమ్మగారు వెనక వరుసలోంచి, "ఆవిడకి గట్టిగా చెప్పడం నేర్పండి. తాడు కట్టేటప్పుడు మాత్రం గొంతు బాగా లేస్తది" అంది. ఎవరితో అన్నదో తెలియదు, ఎవరి వైపూ చూడలేదు.

అందరూ రెండేసిసార్లు వల్లించారు. రేపు పదిహేను దాటుతాయని సాత్విక్‌కు చెప్పాను. వాడు పప్పు ఎక్కువ నానబోశాడు.

ఇరవయ్యో రోజు

ఒంటిగంటకు వసారాలో నిలబడి విన్నాను. ఇళ్ల వరుస పొడుగునా ఒకటే పాట. "అయిందమ్మా." "తిన్నాం తల్లీ." "ఇప్పుడే చెయ్యి కడిగేను." "మాదయింది, మీదయిందా?"

హర్షిల్ బాబాయిగారు ఒక్కరు ధైర్యం చేశారు. "తినలేదమ్మా" అని, మరుక్షణం, "ఆకలి లేక" అన్నారు. గోడకోడలు "మంచిది, ఆకలి వేసినప్పుడు తినండి" అంది.

పప్పు పండుగప్పలకు పోసేటప్పుడు సాత్విక్ నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ప్రభువా, ఈ మనుషుల మర్యాద కాస్త తగ్గించు అని ప్రార్థించాను. ఇలాంటి ప్రార్థన చేయవచ్చో లేదో తెలియదు. చేశాను.

ఇరవై రెండో రోజు

సంహిత పిన్నిగారు తెప్ప అంచున నత్తగుల్లలు గీకే వంతు తనదని వెళ్లి, అక్కడే కూలిపోయింది. గీకుడుపార నీళ్లలో పడింది. మనిషి పడలేదు, దేవుని దయ.

నర్సమ్మ వచ్చి చూసి జబ్బేమీ లేదంది. "తిండి లేదండి, అంతే. ఇంకో పది రోజులిలా ఉంటే నేను రానక్కర్లేదు" అంది.

గోడను ఆమె వివరాలు అడిగాను. ఈసారి నా గొంతు ఎలా అందిందో మొదటిసారికే అందింది. "సంహితగారు అరవై ఒక్క రోజులుగా సక్రమంగా భోజనం చేస్తున్నారు. అభినందనలు."

అభినందనలు!

సాత్విక్ ఉద్యోగం మాట ఎత్తకుండా ఒక డబ్బా నా చేతిలో పెట్టాడు. తీసుకెళ్లి పిన్నిగారి ముందు తెరిచాను. ఆమె మూత తిప్పి చూసింది.

"ఎవరి పేరున వచ్చిందమ్మా ఇది?"

అబద్ధం చెప్పడం నాకు రాదు. ఎవరి పేరునా కాదన్నాను.

"అయితే ఎవరిదో. వాళ్లకి తగ్గుద్ది. తీసుకెళ్లిపో."

"మీరు చచ్చిపోతారు పిన్నిగారూ."

"నా పేరు లేని కూడు తిని బతికేనని చెప్పుకోనా?"

నేను మా ఇంటి గంజి కాచి తెస్తే నా మనసు కోసం రెండు గుటకలు తాగింది. డబ్బా వెనక్కి తీసుకెళ్తూ ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. ఆమె మీద, గోడ మీద, వానలు వెళ్లాక కూర్చునే సమితి మీద.

ఇరవై అయిదో రోజు

లాస్యమ్మగారు కర్ర తాటించుకుంటూ సేవిక గదికి వచ్చింది.

"నాకనవసరమనుకో. చెప్పి పోదామనొచ్చేను. పక్కింట్లోంచి పోపు వాసనొచ్చి పదకొండు రోజులైంది."

"పదకొండని ఎలా తెలుసు?"

"లెక్కెట్టుకున్నాను. గోడవతల మనిషి కదా, పొయ్యెలిగితే నా గోడ కాలద్ది. కాలట్లేదు. అటుకులు నానబెట్టుకు తింటంది. గిన్నె గీకిన చప్పుడు కూడా రాదు. అన్నం తింటే కదా గీకడానికి." కుర్చీలో కూలబడింది. "నీ పడవోళ్లకి చెప్పి పెట్టించవే."

"నా మాట చెల్లదు పిన్నిగారూ. ఆమే గోడకు చెప్పాలి."

"ఆవిడ చెప్పదు. మొండిది. నేను చెప్తే?"

"మీ గురించి మీరు చెప్పాలి, ఆమె గురించి ఆమె చెప్పాలి."

"అదేం కాదు" అంది లాస్యమ్మగారు. "ఆవిడ తాడు గురించి నేను గోడకి నలభైసార్లు ఫిర్యాదెట్టేను. ప్రతిసారీ రాసుకుంది. ఓ మనిషొచ్చి నీడ కొలిచెళ్లేడు కూడానూ."

నేను నియమాల పుస్తకం తీశాను. ఈ సేవలో చేరి పన్నెండేళ్లయింది, ఆ పేజీ ఎప్పుడూ చదవలేదు. పొరుగింటి వారిపై ఫిర్యాదు ఎవరైనా చేయవచ్చు. ఫిర్యాదు వచ్చిన మూడు రోజుల్లోగా అధికారి స్వయంగా వచ్చి, ఇల్లు చూసి, పరిష్కరించి తీరాలి. ఏ రకం ఫిర్యాదులు పెట్టవచ్చో మాత్రం రాయలేదు.

"పిన్నిగారూ, ఇప్పుడు పెడతారా ఫిర్యాదు?"

ఆవిడ గోడ వైపు తిరిగింది. నా గదిలో అద్దం బీటలిచ్చిందేమో అనుకున్నాను, అంత గొంతు. "ఏమ్మాయ్! ఫిర్యాదు రాసుకో. మా పక్కింట్లో పదకొండు రోజులై పొయ్యి ఎలగట్లేదు. గోడ చల్లగా ఉండి నాకు కీళ్లనొప్పులొస్తన్నాయి. ఆ మనిషికి కూడెట్టి ఈ బాధ తప్పించండి. నేనెట్టేనని ఆవిడకి చెప్పకండి."

"ఫిర్యాదు నమోదైంది" అంది గోడకోడలు.

ఇరవై ఆరో రోజు

మళ్లీ ఇరవై మూడు ఇళ్లూ తిరిగాను. ఈసారి పడవ సంగతి ఎత్తలేదు. "పక్కింటి వాళ్ల తిండి సంగతి మీద ఫిర్యాదేమైనా ఉందా అండీ?" అని మాత్రమే అడిగాను.

ఇంత ఉత్సాహం నేను ఈ తెప్ప మీద ఎన్నడూ చూడలేదు. ఎవరు రోజుకు ఒక్కసారే తింటున్నారో, ఎవరు ఉప్పునీళ్లలో బిస్కట్లు ముంచుకుంటున్నారో, ఎవరి గిన్నెలు తోమకుండానే తళతళలాడుతున్నాయో అందరికీ అందరి సంగతీ తెలుసు. హర్షిల్ బాబాయిగారు చివరింటాయన మీద, ఆయన ఈయన మీద ఒకే నిమిషంలో పెట్టారు. వసారా అంతా గోడల మీద అరుపులు.

పొద్దుగూకేసరికి పంతొమ్మిది ఫిర్యాదులు.

ఇరవై ఏడో రోజు

ప్రణీల్ గారి గొంతు గోడలోంచి వేడిగా వచ్చింది. "మీ తెప్ప మీద ఏం జరుగుతోందమ్మా? ఏడాది మొత్తానికి రావలసినవి ఒక్క రోజులో వచ్చాయి!"

"వృద్ధుల నోటి నుంచే రావాలన్నారు కదా సార్. వచ్చాయి."

"ఇది భోజనం విభాగం కాదు, ఫిర్యాదుల విభాగం."

"అవునండి. మూడు రోజుల్లోగా తమరు స్వయంగా రావాలని రాసి ఉంది."

రేపు వస్తానన్నారు.

ఇరవై ఎనిమిదో రోజు

వచ్చారు. తాళ్ల వంతెన దాటి వచ్చేసరికి మనిషి పాలిపోయి ఉన్నారు. నలభై ఏళ్లుంటాయేమో, గొంతు విని పెద్దవాడనుకున్నాను.

ముందు సంహిత పిన్నిగారిల్లు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆయన నియమం ప్రకారం పొయ్యి పలక వెనక అంకెలు చూశారు. చివరిసారి వెలిగి పద్నాలుగు రోజులు. రాసుకున్నారు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగారు.

"భోజనం చేశారా అండీ?"

"అయింది బాబూ. తమరు తిన్నారా?"

ఆయనకు మన పెద్దవాళ్ల పద్ధతి తెలియదో, వంతెన భయంలో మరిచిపోయారో, ఉన్నమాట చెప్పేశారు. "లేదండీ. చీకటితో బయల్దేరాను."

పిన్నిగారు లేచింది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. గోడ పట్టుకుని వంటగట్టు దాకా నడిచి, అటుకుల డబ్బా వెనక నుంచి గుడ్డమూట తీసింది. అందులో గిద్దెడు బియ్యం. పద్నాలుగు రోజులుగా నానిన అటుకులు తింటూ ఆ గిద్దెడూ ముట్టుకోలేదు.

"ఇంటికి మనిషొస్తే ఉండాలని ఉంచేను" అంది. "కూర్చోండి బాబూ, ఎంతసేపు, పొయ్యెలిగించేస్తాను."

ప్రణీల్ గారు వద్దండీ వద్దండీ అంటూనే ఉన్నారు. ఆమె వినలేదు. అన్నం ఉడికింది. ఆమె పళ్లెంలో పెట్టి, ఉప్పు పక్కన వేసి, కూరలేదని నొచ్చుకుంది. ఆయన తిన్నారు. తినకుండా ఎలా లేవగలరు? ప్రతి ముద్దా మింగడానికి ఎంత కష్టపడ్డారో నేను చూశాను.

చెయ్యి కడుక్కుని వసారాలోకి వచ్చి, నీళ్ల వైపు తిరిగి నిలబడ్డారు.

"మిగతా ఇళ్లు చూడాలి కదా సార్" అన్నాను మెల్లగా.

"అక్కడ కూడా ఇంతేనా అమ్మా?"

"అక్కడ కూడా మీకు వండి పెడతారు. తమరు మాత్రం తిన్నానని చెప్పండి."

పద్దెనిమిది ఇళ్లలోనూ తిన్నానని చెప్పారు. పొయ్యి అంకెలు రాసుకున్నారు. సాయంత్రం పడవ మీద కూర్చుని, పంతొమ్మిది ఫిర్యాదుల కింద పంతొమ్మిదిసార్లు ఒకే పరిష్కారం రాసి సంతకం చేశారు. సంబంధిత వ్యక్తికి, వారి పేరునే, రోజూ భోజనం. సమితి ఒప్పుకుంటుందా అని అడిగాను. ఫిర్యాదుల విభాగానికి సమితి లేదన్నారు.

ముప్పయ్యో రోజు

మోకు విప్పడానికి మనిషి రాలేదు.

పన్నెండున్నరకు సాత్విక్, నేను పంతొమ్మిది డబ్బాలు పంచాం. మూతల మీద పేర్లు అచ్చులో. సంహిత పిన్నిగారు తన పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చూసుకుంది. మూత తియ్యలేదు.

"ఎవరు చెప్పేరు నా సంగతి?"

"చెప్పకూడదండి."

"చెప్పకపోతే ముట్టను."

దేవుడా, ఇంకా ఎంతమందిని ఎన్ని రకాలుగా బతిమాలాలి అనుకున్నాను. అంతలో గోడవతల నుంచి, చెవి ఆనించుకుని ఉన్నట్టే, కేక వచ్చింది.

"నేనే చెప్పేను! ఏం చేసుకుంటావో చేసుకో!"

తొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాట. పిన్నిగారు డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అవతలి గుమ్మంలో లాస్యమ్మగారు, ఆవిడ చేతిలోనూ డబ్బా.

"నా పొయ్యి నీకెందుకే? నా కంచం నీకెందుకే?"

"నీ గోడ చల్లబడి నా కీళ్లు పట్టేసేయి, అందుకు! మరి నా మీద పెట్టిందెవరంట? డబ్బా నాకూ వచ్చింది!"

పిన్నిగారు తడబడింది. "నువ్వు రెణ్ణెల్లై మందుబిళ్ల మజ్జిగతో మింగుతున్నావు, అన్నం లేక. దగ్గు వినపడట్లేదనుకున్నావా?"

ఈ సంగతి నాకు తెలియదు. ప్రణీల్ గారు సంతకం చేసిన పంతొమ్మిది కాగితాలూ నా చేతుల మీదుగానే వెళ్లాయి, ఎవరు ఎవరి మీద పెట్టారో చదవనే లేదు.

ఇద్దరూ గుమ్మాల్లోనే చతికిలబడ్డారు. తిట్టుకుంటూ మూతలు తీశారు. తాడు సంగతి వచ్చింది, నీడ సంగతి వచ్చింది, ఎప్పుడో ఎండబెట్టిన వడియాలు తడిసిన సంగతి వచ్చింది. మాటకూ మాటకూ మధ్య ముద్ద. నేను స్తంభానికి ఆనుకుని చూస్తూ ఉన్నాను. డబ్బాలు సగమయ్యాయి.

పిన్నిగారు ఉన్నట్టుండి ఆగింది. "పప్పులో ఉప్పు లేదు."

"నాదాంట్లో ఉందే."

"ఏదీ."

లాస్యమ్మగారు తన డబ్బా వసారా మీదుగా ఇటు తోసింది. పిన్నిగారు వేలితో తీసి నాలుకకు రాసుకుని, కళ్లు మూసుకుని, తల అడ్డంగా ఊపింది.

"ఇందులోనూ లేదు. అమ్మాయ్ నయోమీ, ఈ వంటాడి మీద రేపు నేను ఫిర్యాదు పెడతాను. ఎలాగ పెట్టాలో చెప్పు."

గట్టిగా చెప్పాలన్నాను. లాస్యమ్మగారు నేర్పుతానంది.